ముక్కు బరువు

ప్రమాదం జరిగినప్పుడు నేను అక్కడ లేను. సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల, నా షెడ్డులో, చేతిలో సుత్తితో ఉన్నాను. నా సుత్తి కింద ఉన్న ఇనుప ముక్క ఆ సమయంలో ఉండాల్సింది అక్కడ కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాను.

మొదటి నుంచీ చెప్తాను.

కావలి నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు మీద నాకొక వెల్డింగు షెడ్డు ఉంది. షెడ్డు వెనకే ఇల్లు. ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య చెంచులక్ష్మి, ఆమె తమ్ముడు నరేంద్రబాబు. మాకున్న రెండెకరాల కోసం, చుట్టుపక్కల ఊళ్ళలో కిరాయి పనుల కోసం ఒక మినీ ట్రాక్టరు కొన్నాం. దాన్ని నరేంద్ర నడుపుతాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. బానెట్ మీద గ్లాసుడు టీ పెట్టి ఒలక్కుండా గట్టు దాటిస్తాడు. బండి తప్ప వాడికి వేరే పని రాదు, వేరే పని మీద మనసూ లేదు.

ట్రాక్టరు వెనక మూడు చేతులుంటాయి. కింద రెండు, పైన ఒకటి. గొర్రు కానీ రోటవేటర్ కానీ ఆ మూడింటికే తగిలిస్తారు. చిన్న బండికి ఆ చేతులు ఇరుకు, పిన్నులు సన్నం. పెద్ద బండి పనిముట్టు దానికి పట్టదు. నేను పట్టిస్తాను. చెవులు కోసి దగ్గరికి జరుపుతాను, పిన్నుకు తొడుగు వేస్తాను, చేతులు పొడిగిస్తాను. టేపు పట్టుకోను. కంటితో చూసి కోస్తాను. "పెంచలకృష్ణ చేతిలో పడితే ఏనుగు అంబారీ ఎలకకు కూడా సరిపోద్ది" అని మా వైపు ఒక మాట ఉంది. ఆ మాట నా చెవిన పడ్డ ప్రతిసారీ వినబడనట్టు నటించేవాణ్ణి.

వేట నిషేధం ఎత్తేసిన వారానికి, జూన్ చివర్లో, పాలెం పెద్ద ముత్యాలయ్య మా షెడ్డుకొచ్చాడు. పాలెం అంటే ఒడ్డున ఉన్న బెస్తవాళ్ళ ఊరు. ఆయనకు అరవై దాటాయి. లుంగీ పైకి కట్టి, నిలబడే మాట్లాడతాడు.

"కృష్ణా, బోట్లు లాగే దానికి మనుషులు లేరబ్బా. మా పిల్లకాయలంతా చెన్నపట్నం హార్బరుకి పోయినారు. తాడు పట్టే దానికి ముసిలోళ్ళు మిగిలినారు. వాళ్ళు తాడు పట్టుకునేది బోటు లాగే దానికి కాదు, పడకుండా నిలబడే దానికి."

"మా బండి ఉంది కదన్నా. తాడు కట్టి లాగిద్దాం."

"చూసినాంలే. పక్క పాలెంలో చూసినాం. కింద నుంచి లాగితే బోటు ముక్కు ఇసకలో దిగబడతాది. బండి నిలబడి ఏడస్తాది."

నేను బండి వెనక్కి వెళ్ళి చూశాను. చూడగానే తెలిసింది. తాడు కింద నుంచి కాకుండా పైనుంచి లాగితే బోటు ముక్కు పైకి లేస్తుంది. మూడో చెయ్యి, అంటే పై చెయ్యి తగిలించే చోట, ఒక కొక్కెం నిలబెడితే సరి.

"రెండ్రోజులు టైమియ్యన్నా," అన్నాను.

"రెండ్రోజుల్లో అయిపోద్దా?"

పక్కన నరేంద్ర నవ్వాడు. "పెద్దాయనా, మా బావకు రెండ్రోజులంటే ఒకటిన్నర రోజు తిండికి, నిద్రకి."

మర్నాడు కావలి వెళ్ళాను. కొక్కేనికి మందపాటి ప్లేటు కావాలి. నాకు పని నేర్పిన చెంచురామయ్య మేస్త్రీ లేతు మిషను షాపు అక్కడే. నేను సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. కాలితో చెరిపేశాడు.

"వద్దు."

"ఎందుకు మామా?"

"కొక్కెం ఇరుసు కంటే పైకి పోగూడదు. పోతే లాగే బరువు వెనకాల కాదు, బండి నెత్తిన పడతాది. ముందు చక్రాలు లేస్తాయి. గుర్రం మాదిరి లేస్తాది. తోలే వాడు దాని కింద పడతాడు. నీకు పనిలో చేరిన మొదటి ఏడే చెప్పినా."

"ఇసకలో గదా మామా. చక్రం జారిపోద్దే గానీ బండి లేవదు."

"తడి ఇసక జారదు. పట్టుకుంటాది."

నేను వినలేదు. పాలెంలో మాటిచ్చేశాను. ఆయనా నా మొహం చూసి విసిగిపోయాడు. మూల నుంచి ఒక రైలు పట్టా ముక్క కాలితో దొర్లించాడు. మీటరు పొడుగు, యాభై కిలోలు. బిట్రగుంట పాత ఇనుము కొట్లో కొన్నది.

"కొక్కెం పెట్టేవాడివే అయితే, దీన్ని బండి ముక్కు మీద బిగించు. ఇది లేకుండా ఒక్క బోటు కూడా లాగించొద్దు. ఒక్కటి కూడా. విన్నావా?"

"విన్నా మామా."

"విన్నా అనేది నోరు. చేసేది చెయ్యి."

ఆ పట్టా ముక్కకు రెండు బెజ్జాలు వేసి, ముందు బంపరుకు రెండు బోల్టులతో బిగించాను. దానికి 'ముక్కు బరువు' అని పేరు పెట్టింది నరేంద్రే.

మొదటి రోజు పాలెం అంతా ఒడ్డుకొచ్చింది. ముత్యాలయ్య పెద్ద ఫైబర్ బోటు అలల్లో నుంచి వచ్చి ఆగింది. తాడు కొక్కేనికి తగిలించాను. నరేంద్ర మొదటి గేరు వేశాడు. బోటు ముక్కు ఇసకలో నుంచి లేచి, అడుగు లోపలికి దిగకుండా, పొలంలో నీళ్ళ మీద పాము పోయినట్టు వచ్చేసింది. ఇరవై మంది అరగంట లాగే బోటు రెండు నిమిషాల్లో గట్టెక్కింది. ఈలలు. కేకలు. ముత్యాలయ్య కొడుకు చిన్నబాబు నన్ను భుజాల మీద ఎత్తుకోబోయాడు.

ఒడ్డున తాడు పట్టిన వాళ్ళందరికీ చేపల్లో పాలు, అంటే వాటా, ఉంటుంది. అది పాలెం ఆచారం. బండి వచ్చినా ముసలివాళ్ళ పాలు పోకూడదని పెద్దలు తీర్మానం చేశారు. తాడు ఒకసారి ముట్టుకుంటే చాలు. అందరికంటే ముందు పేరమ్మవ్వ వచ్చింది. డెబ్బై ఐదేళ్ళ మనిషి. బండి కదలక ముందే తాడును రెండు వేళ్ళతో ముట్టుకుని, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుని, గంప పట్టుకుని పక్కకు నిలబడింది.

"ఏం సామీ," అంది నాతో. "మేం లాగేటప్పుడు ముక్కు కింద తాటి దుంగ పెట్టేవాళ్ళం. నీకు దుంగ కూడా అక్కర్లేదే."

"ఎందుకవ్వా దుంగ? ఇనుము ఉండగా."

"అవునవును," అంది. "ఇనుము ఉండగా."

నెల రోజులు అలా గడిచాయి. పట్టా ముక్క విషయంలో ఒక అలవాటు పడింది. వెల్డింగు షెడ్డుకు దాగలి కావాలి, అంటే ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టి కొట్టడానికి ఒక దిమ్మ. రైలు పట్టాను మించిన దాగలి లేదు. సుత్తి దెబ్బ పడితే గుడి గంటలా మోగుతుంది. వీధి చివరి దాకా వినపడుతుంది. నా పాత దాగలి అంచులు చెక్కుకుపోయాయి. అందుకని సాయంత్రం బండి రాగానే బోల్టులు ఊడదీసి పట్టాను షెడ్డులోకి దించేవాళ్ళం. పొద్దున్నే నేనూ నరేంద్రా చెరో కొసా పట్టి మళ్ళీ బిగించేవాళ్ళం. పొద్దున బండి ముక్కు మీద, సాయంత్రం నా సుత్తి కింద. ఇంకో ముక్క కొనుక్కురావడానికి బిట్రగుంట ఎంత దూరం? బస్సెక్కితే పోయే దూరం. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను.

జూలై చివరి వారం. ఓబయ్య అని మా ఊరి రైతు ముందు రోజు తన గొర్రు కర్రులు తెచ్చి పడేశాడు. అన్నీ వంగిపోయాయి. వాన పడింది, పదును ఉండగానే దున్నుకోవాలి. తెల్లారి వచ్చి షెడ్డు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కృష్ణా, పదును ఆరిపోతా ఉండాది నాయనా."

"గంటలో ఇస్తా మామా. ఇనుము కాలతా ఉంది."

కొలిమిలో కర్రు ఎర్రబడింది. అప్పుడే నరేంద్ర బండి స్టార్టు చేసి వచ్చాడు.

"బావా, ముక్కు బరువు?"

నేను పట్టకారుతో కర్రు బయటికి తీసి పట్టా మీద పెట్టాను. ఎర్రటి ఇనుము ఆగదు. ఓబయ్య చూస్తున్నాడు. ఆయన ముందు గంటలో ఇస్తానన్నాను.

"ఈ పొద్దు ఏ బోటు?" అన్నాను.

"చిన్నబాబుది. చిన్న బోటే."

"అయితే ఫర్లేదు. పో. రేపు పెడదాం."

"పెట్టేసి పోతాలే బావా. రెండు నిమిషాలు."

"చిన్న బోటుకు బరువెందుకు రా? పో అంటా ఉంటే!"

నరేంద్ర ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వెళ్ళిపోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగింది. నేను మొదటి దెబ్బ వేశాను. పట్టా మోగింది. ఓబయ్య మురిసిపోతూ, "ఏం మోగతాదబ్బా ఇది!" అన్నాడు.

పది దాటాక చిన్నబాబు మోటారు సైకిలు మీద వచ్చాడు. దిగలేదు. ఇంజను ఆపలేదు. చొక్కా అంతా తడి ఇసక.

"అన్నా, రా. బండి తిరగబడింది."

బోటు చిన్నదే. కానీ ఆ రోజు కానాగంతలు విరగబడ్డాయి. బోటు నిండా చేప. అంచుకు నీళ్ళు అందుకునేంత బరువు. దాని ముక్కు దిగబడింది. నరేంద్ర ఇంజనుకు ఇంకొంచెం రేజు ఇచ్చాడు. తడి ఇసక చక్రాలను పట్టుకుంది, మేస్త్రీ చెప్పినట్టే. ముందు చక్రాలు లేచాయి. చూసిన వాళ్ళు చెప్పారు, బండి నిలబడి ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగిందట. అప్పుడు వెనక్కి పడిపోయింది. నరేంద్ర పక్కకు దూకాడు. ఎడమ కాలు మాత్రం మడ్‌గార్డు కింద ఉండిపోయింది. ఇసక మెత్తగా లోపలికి దిగబట్టి కాలు ఉంది, లేకపోతే లేదు. చేతులతో ఇసక తవ్వి తీశారు. ముందు తవ్వింది పేరమ్మవ్వ అట.

నెల్లూరు ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాడు. మోకాలు వంగదని డాక్టరు చెప్పాడు. కొన్ని నెలలకు కొంత వంగొచ్చు. పూర్తిగా కాదు.

చెంచులక్ష్మి తమ్ముడి మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. తర్వాత తిట్టింది. "ముక్కు బరువు పెట్టకుండా పోతావా రా? కళ్ళు నెత్తికెక్కినాయా?" అంది. ఎవరు చెప్పారో ఆమెకు, బరువు లేదన్న సంగతి. ఒడ్డున అందరూ చూశారు కదా. నరేంద్ర కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను ఫ్యాను వైపు చూశాను. అది చాలా నెమ్మదిగా తిరుగుతోంది.

ఇంటికొచ్చిన రోజే నేను పట్టాను షెడ్డు మూలకు ఈడ్చి, పాత రేకుల కింద తోశాను. బావి దగ్గరి నల్లరాయి ఒకటి తెచ్చి దాగలి చేసుకున్నాను. రాయి మీద కొడితే టక్కుమంటుంది, అంతే.

ఆగస్టు రెండో వారంలో పాలెం పెద్దలు కబురు పెట్టారు. వలలు అల్లే పాకలో కూర్చున్నారు. నరేంద్ర చంకల కింద కర్రలతో వచ్చాడు. ముత్యాలయ్యతో పాటు ఇంకో నలుగురు పెద్దలు. చుట్టూ మగవాళ్ళు, కొంచెం ఎడంగా ఆడవాళ్ళు. గాలికి పాక కప్పు గరగరలాడుతోంది.

"మనిషి బతికినాడు. గంగమ్మ దయ," అన్నాడు ముత్యాలయ్య. "కానీ ఆ చోట్లో మా ఆడోళ్ళు నిలబడి ఉంటారు. నిన్న పడింది వాడి కాలు మీద. రేపు పేరమ్మ మీద పడొచ్చు. అందుకని అడగతా ఉండాం. ముక్కు మీద బరువు రోజూ ఉంటాది. ఆ పొద్దు ఎందుకు లేదు?"



నరేంద్ర నా వైపు చూశాడు. నిదానంగా, ఏమీ అడక్కుండా చూశాడు. నా కాళ్ళ దగ్గర ఇసకలో ఒక పీత బొరియ ఉంది. నేను దాన్ని చూశాను. పీత సగం బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

"మర్చిపోయినా పెద్దాయనా," అన్నాడు నరేంద్ర.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. అంతసేపు తెరుచుకోని నోరు అప్పుడు తెరుచుకుంది.

"వాడికి రోజూ చెప్తానే ఉండానన్నా," అన్నాను.

ముత్యాలయ్య తలూపాడు. మిగతా పెద్దల మొహాలు చూశాడు. లేచి నిలబడి, ఒడ్డంతా వినపడేలా చెప్పాడు. "ఇకమీదట నరేంద్రబాబు ఈ ఒడ్డున బండి తోలగూడదు. దురాయి."

దురాయి అంటే పాలెం వేసిన కట్టుబాటు. దాన్ని దాటిన మనిషితో ఎవరూ మాట్లాడరు, నిప్పు కూడా ఇవ్వరు. ఒక పాలెంలో వేసింది పక్క పాలేల్లోనూ చెల్లుతుంది. ఆ ఒక్క మాటతో ఈ సముద్రం పొడుగునా నరేంద్ర డ్రైవరు కాకుండా పోయాడు. ఆ మాట మూడు కిలోమీటర్లు నడిచి మా పొలాల్లోకి రావడానికి వారం పట్టలేదు. "ముక్కు బరువు మర్చిపోయే వాడు రోటవేటర్ తగిలించి పిన్ను మర్చిపోడా?" అన్నాడు ఓబయ్య. ఆ పొద్దున షెడ్డు ముందు కూర్చుని చూసిన ఓబయ్య! ఆయన కళ్ళు కర్రు మీదే ఉన్నాయి మరి. బండి చప్పుడులో మా మాటలు ఆయనకు వినపడలేదు, ఆ కింద ఉన్నదేమిటో ఆయనకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నరేంద్రను అడిగాను. "ఎందుకు రా అట్ట చెప్పినావు?"

"నువ్వు చెప్తావని చూసినా బావా. నువ్వు చెప్పలా." వాడు బయట సరివి తోటల వైపు చూస్తూ అన్నాడు. "ఎవురో ఒకరు చెప్పాల గదా. ఎండకు పెద్దోళ్ళు ఎంతసేపు కూర్చుంటారు?"

ఆ తర్వాత ఇంట్లో మొదలైంది.

చెంచులక్ష్మి పొద్దున లేస్తే తమ్ముణ్ణి తిట్టేది. అన్నం పెడుతూ తిట్టేది. కర్రలు అందిస్తూ తిట్టేది. "బోల్టులు రెండు బిగించే దానికి చేతులు పడిపోయినాయా నీకు?" "మీ బావ ఎంత మంచోడు కాబట్టి ఇంట్లో పెట్టుకున్నాడు." "మీ బావ రోజూ చెప్పినా ఇనకపోతివే. మీ బావ మాట ఇనుంటే ఈ పొద్దు కాలుండేది గదరా." ప్రతి తిట్టులోనూ నన్ను ఒకసారి మెచ్చుకునేది. ఆ మెప్పు వినలేక షెడ్డులోకి పోయేవాణ్ణి. షెడ్డులో రాయి మీద టక్కుటక్కుమని కొట్టుకునేవాణ్ణి.

నరేంద్ర ఎదురు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, "అక్కా, నిన్నటి తిట్టే మళ్ళీ తిట్టినావు. కొత్తవి అయిపోయినాయా?" అన్నాడు. ఆమె గరిట విసిరింది. గరిట వాడికి తగల్లేదు. నా కాళ్ళ దగ్గర పడింది.

వాడు షెడ్డులో స్టూలు మీద కూర్చుని వాషర్లు ఆకురాయి పట్టడం మొదలుపెట్టాడు. షెడ్డు ముందు బండి నిలబడి ఉండేది. రేడియేటరు వంగింది, నేను సరిచేశాను. స్టీరింగు తిప్పాను. అంతా చేశాను గానీ ఎవరూ నడపలేదు. నాకు నడపడం వచ్చు. సీటు మీద కూర్చోవాలంటే ఎందుకో కాలు లేచేది కాదు. నరేంద్ర ఆకురాయి పడుతూ మధ్యలో తలెత్తి బండి వైపు చూసేవాడు. తర్వాత తల దించుకునేవాడు. చెప్పేద్దామని రోజుకు రెండుసార్లు అనుకునేవాణ్ణి. చెప్తే షెడ్డుకు ఎవడొస్తాడు? కొక్కెం తప్పు అని మేస్త్రీ చెప్పినా పెట్టాడని తెలిస్తే నా చేతికి గొర్రు ఎవడిస్తాడు? అదీ నా లెక్క. ఏనుగు అంబారీ మాట పోతుందని. వాడి కాలు పోయింది, బండి పోయింది, నాకు నా మాట పోకూడదు.

వినాయక చవితి. చెంచులక్ష్మి ఉండ్రాళ్ళు వండింది. నరేంద్ర గోడ పట్టుకుని లేస్తూ మోకాలు మెలిపడి, చేతిలో చెంబు వదిలేశాడు. నీళ్ళు పత్రి మీద పడ్డాయి.

"చెంబు పట్టుకునే దానికి కూడా జ్ఞాపకం లేదా రా నీకు?" అని ఆమె మొదలుపెట్టింది. "బరువు మర్చిపోయిన వాడికి చెంబొక లెక్కా? మీ బావ అంతగా చెప్పి..."

"ఇంక చాల్లే," అన్నాను. "వాణ్ణి వదిలెయ్యి."

ఆమె నా వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే నిలబడి ఉన్నదానిలా తిరిగింది.

"ఎందుకు వదలాల?"

"పండగ పూట."

"రేపు పండగ కాదు. రేపు తిట్టచ్చా?"

"వాడి తప్పేముంది లేవే..."

"మరి ఎవరిది?"

నరేంద్ర గోడకు ఆనుకుని నేల వైపు చూస్తున్నాడు. చెంచులక్ష్మి చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంది. గొంతు తగ్గించింది.

"ఆ పొద్దున నేను పొయ్యి కాడ ఉండా. బండి పోయింది. మలుపు కాడ హారన్ కొట్టినాడు, రోజూ కొట్టినట్టే. ఆ తర్వాత షెడ్డులో పట్టా మోగింది. గంట మోగినట్టు మోగింది. బండి ముక్కు మీద ఉండాల్సిన పట్టా షెడ్డులో ఎట్ట మోగతాదయ్యా?"

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

"అప్పుడేం అనుకోలా. ఆసుపత్రిలో తట్టింది. నువ్వే చెప్తావులే అనుకున్నా. పాలెంలో చెప్తావనుకున్నా. ఆ తర్వాత నువ్వు రాయి మీద కొట్టడం మొదలుపెట్టినావు. ఆ టక్కుటక్కు వినిపించిన ప్రతిసారీ నాకు తెలస్తానే ఉండాది." ఆమె తమ్ముడి వైపు చూడకుండా అంది. "వీణ్ణి నేను తిట్టలేదు. వీణ్ణి తిడతా నిన్ను పిలస్తా ఉండా. ఒక మనిషికి ఎన్ని పిలుపులు కావాలయ్యా?"

నరేంద్రే ముందు కదిలాడు. వంగని కాలు పక్కకు చాపి, నిదానంగా కింద కూర్చుని, పత్రిని ఏరడం మొదలుపెట్టాడు.

"అక్కా," అన్నాడు. "ఉండ్రాళ్ళు ఆరిపోతా ఉండాయి."

మర్నాడు పొద్దున రేకుల కింద నుంచి పట్టాను ఈడ్చాను. చెరో కొసా పట్టడానికి రెండో మనిషి లేడు. చెంచులక్ష్మి వచ్చి పట్టింది. బోల్టులు బిగించాను. ప్రమాదం తర్వాత మొదటిసారి బండి సీటు ఎక్కాను. నరేంద్ర పక్కన మడ్‌గార్డు మీద, అదే మడ్‌గార్డు మీద, కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పెద్దలు వలల పాకలోనే ఉన్నారు. నేను కూర్చోలేదు. చెప్పాను. మేస్త్రీ వద్దన్నది చెప్పాను. ఎర్రటి కర్రు సంగతి చెప్పాను. "రెండు నిమిషాలు, పెట్టేసి పోతా" అని వాడు అన్నది, "పో" అని నేను అన్నది చెప్పాను. "రోజూ చెప్తానే ఉండా" అన్నది అబద్ధమని చెప్పాను. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అంత చిన్నది.

ముత్యాలయ్య మిగతా పెద్దలను పక్కకు పిలిచి మాట్లాడి వచ్చాడు.

"వేసిన దురాయి ఎత్తేసేది మా పాలెంలో లేదు," అన్నాడు చివరికి. "అది ఎవురో ఒకరి మీద ఉండాల. నరేంద్ర మీద నుంచి దించి నీ మీద పెడతా ఉండాం. వాడు బండెక్కచ్చు. నువ్వు ఎక్కగూడదు. వాడి కాలు పని చేసేదాకా బండి రాదు గదా. అందాకా బోట్లు లాగేది ఎవరు? నువ్వు రా. రోజూ రా. తాడు పట్టు. పాలు ఉండదు."

"సరే అన్నా."

"ఇంకోటి. ఆ కొక్కెం కోసెయ్."

పాలెం వాళ్ళు బండిని రోడ్డు దాకా నెట్టారు, అక్కణ్ణుంచి షెడ్డుకు నేను తోలి, ఆ మధ్యాహ్నమే కోసేశాను. ఇరుసు కింద, నేలకు జానెడు ఎత్తులో, కొత్త కొక్కెం వేశాను. ఈసారి టేపు పెట్టి కొలిచాను. సాయంత్రం కావలి వెళ్ళి కోసిన కొక్కెం చెంచురామయ్య మేస్త్రీ ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఒక్క మాట కూడా అనకుండా తుక్కులోకి విసిరాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లారి నుంచి తాడు. ముందు వరసలో పేరమ్మవ్వ, ఆమె వెనక నేను. మొదటి రోజుకే అరచేతులు కాలిపోయినట్టయ్యాయి. ఉప్పునీళ్ళు తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. బోటు ముక్కు కింద వాళ్ళు తాటి దుంగ పెట్టారు. బోటు దాని మీద ఎక్కి దొర్లుకుంటూ వచ్చింది. నేను కొక్కెం కనిపెట్టక ముందు నుంచే ఈ దుంగ ఇక్కడే, ఇసకలో, ఎన్నేళ్ళుగానో ఉంది. కింద కొక్కెం, ముక్కు కింద దుంగ. బండికైనా అంతే చాలు. ఇన్నేళ్ళు బోటు ఎలా లాగారని నేను ఎవర్నీ అడగలేదు.

"ఏం సామీ," అనేది పేరమ్మవ్వ వెనక్కి తిరక్కుండానే. "ఇనుము ఉండగా తాడెందుకు?"

జనం నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాలని చూసేవాణ్ణి. చేపలు పంచేటప్పుడు దూరంగా వెళ్ళి నిలబడేవాణ్ణి. ఒకరోజు చిన్నబాబు నాలుగు కవళ్ళ చేపలు నా వైపు తోయబోయాడు. పేరమ్మవ్వ కసిరింది. "పాలు లేదన్నారా లేదా? వాడి శిక్ష వాడిది. మనం దొంగిలించకూడదు." ఆమె చెప్పింది నిజం. ఇంటికి ఖాళీ చేతులతో వెళ్తే చెంచులక్ష్మి ఆ చేతులు తిప్పి చూసి, కొబ్బరినూనె గిన్నె ముందు పెట్టేది. మాట్లాడేది కాదు. కానీ తమ్ముణ్ణి తిట్టడం మానేసింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఆ తిట్లే నయమనిపించేది.

నరేంద్ర మోకాలు సగం వంగింది. క్లచ్చి తొక్కడానికి అది చాలలేదు. పెడల్ మీద మూడంగుళాల దిమ్మ వెల్డు చేశాను. వాడు తొక్కి చూశాడు. "అర అంగుళం తగ్గించు," అన్నాడు. తగ్గించాను. మళ్ళీ తొక్కి చూశాడు. నా కంటి కొలత మీద ఎవరికీ నమ్మకం లేదిప్పుడు. నాక్కూడా.

అక్టోబరు మొదటి వారం, వానలు ఇంకా దిగక ముందు, ఒక పొద్దున బండి ఒడ్డుకు వచ్చింది. నరేంద్ర తోలుకొచ్చాడు. నేను నడిచి వచ్చాను. చిన్నబాబు బోటే ముందు వచ్చింది. అందరూ దుంగ పెట్టి, తాడు కింది కొక్కేనికి తగిలించారు. పేరమ్మవ్వ రెండు వేళ్ళతో తాడు ముట్టుకుని కళ్ళకద్దుకుని పక్కకు తప్పుకుంది.

ఇంజను తిరుగుతోంది. నరేంద్ర గేరు వెయ్యలేదు. సీటు మీద నుంచి వంగి, పాలెం అంతా వింటుండగా అడిగాడు.

"బావా, ముక్కు బరువు?"

"ఉండాది," అన్నాను.

"చూసి చెప్పు."

నేను తాడు వదిలేసి బండి ముందుకు వెళ్ళాను. ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి చేత్తో పట్టి తిప్పి చూశాను. కదల్లేదు. లేచి నిలబడి పక్కకు తప్పుకున్నాను.

"చూసినా," అన్నాను.

అప్పుడు వాడు గేరు వేశాడు.